మామ ఎత్తుకుపోయిన మిషను

మామ పోయాడని ఎమ్మిగనూరు నుంచి అత్త ఫోన్ చేసినప్పుడు, ఆదోనిలో నా అంగట్లో కూర్చుని నేను ఆయన్నే తిట్టుకుంటున్నాను. ఉత్తినే తిట్టుకోలేదు. మా అమ్మ కుట్టుమిషనును "సర్వీసింగు చేసి తెస్తా" అని ఎండాకాలంలో ఎత్తుకుపోయిన మనిషి, వానలు పడి, పత్తి తీతలు మొదలై, దసరా దగ్గరికొచ్చినా తిరిగివ్వలేదు. పక్కింటామెను బతిమాలి తెచ్చుకున్న మోటరు మిషను మీద పండగ జాకెట్లు కుడుతున్నాను. అది మూరకోసారి దారం తెంపుతోంది. తెగిన ప్రతిసారీ మామకు ఒక తిట్టు. అట్లా ఒక తిట్టు నోట్లో ఉండగానే ఫోన్ మోగింది.

"మీ మామ పోయినాడు పాపా," అంది అత్త. "పొద్దున కాఫీ తాగి గోడకు ఆనుకోని కూసున్నాడు. పిలిస్తే పలకలే."

"ఇప్పుడా!" అన్నాను. పోయిన మనిషి గురించి అనాల్సిన మాటేనా అది? కానీ అదే వచ్చింది. ఏడుపు తర్వాత వచ్చింది, బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాక.

ఆయన మా అమ్మకు అన్న. పాత కుట్టుమిషన్లు శుభ్రం చేసి బాగుచేసేవాడు. పాతవంటే నిజంగా పాతవి, అవ్వల కాలం నాటివి. నల్లటి ఇనుప ఒళ్ళు, దాని మీద బంగారు రంగు పువ్వులూ తీగలూ, పక్కన చేత్తో తిప్పే చక్రం, కింద కాళ్ళతో తొక్కే ఇనుప పలక. అటకల మీద, పశువుల కొట్టాల్లో, కోళ్ళు గుడ్లు పెట్టే మూలల్లో పడి ఉన్నవాటిని తెచ్చి ఆయన ముందు పెట్టేవాళ్ళు. కొత్త మిషను ఎవరైనా తెస్తే ముట్టుకునేవాడు కాదు. "ఇది మిషను కాదప్పా, డబ్బా. డబ్బాలు బాగుచేసేటోల్లు బజార్లో ఉండారు, ఆడికి పో," అనేవాడు. ఇంటికొచ్చిన గిరాకీని వెనక్కి పంపడంలో ఆయనకున్న ఉత్సాహం నేను ఇంకెవరిలోనూ చూడలేదు.

ఆయన పనితీరు చూస్తూ కూర్చుంటే మనకు పిచ్చెక్కేది. ఎవరైనా ముందు స్క్రూడ్రైవర్ తీస్తారు. ఈయన తీయడు. మిషను బల్ల మీద చెవి ఆనించి, చక్రాన్ని చేత్తో నిమ్మళంగా ముందుకోసారి వెనక్కోసారి తిప్పుతాడు. తెచ్చినవాళ్ళు పక్కన నిలబడే ఉంటారు. "ఏమైందప్పా?" అని అడిగితే చెయ్యెత్తి గమ్మునుండమంటాడు. "ముందు దాన్ని చెప్పనీండి. మనం తర్వాత మాట్లాడుకుందాం," అంటాడు. ఆ తర్వాత అనేది ఎప్పుడూ రాదు. మిషను చెప్పేది అంత శ్రద్ధగా వినే చెవిలోకి మనిషి చెప్పేది ఒక్క ముక్కా పోయేది కాదు. అత్త "బియ్యం అయిపోయినాయి" అంటే "ఊఁ" అనేవాడు. "మీ చెల్లెలు వచ్చింది" అన్నా అదే "ఊఁ". ఇల్లు అంటుకున్నా ఈయప్ప ఊఁ అంటాడని అత్త నెత్తి కొట్టుకునేది.

విన్న తర్వాత విప్పుతాడు. ప్రతి మరా, ప్రతి స్ప్రింగూ విప్పి కిరసనాయిల్లో నానబెడతాడు. దేంట్లో? అత్త గిన్నెల్లో. డబ్బాలు లేకనా అంటే బోలెడన్ని ఉన్నాయి. "డబ్బా అంచు గీసుకుంటాది. ఇత్తడి మెత్తన," అని ఆయన వాదన. అత్త ఆ గిన్నెను చింతపండు పెట్టి తోమీ తోమీ ఒకనాడు దాంట్లోనే ఉగ్గానికి బొరుగులు నానేసింది. ఆ పూట మేమందరం అక్కడే ఉన్నాం. మొదటి ముద్దకే అందరి మొహాలూ మారిపోయాయి. మామ ఒక్కడే మిరపకాయ బజ్జీ నంజుకుంటూ, "బాగానే ఉండాది కదా, ఏమొచ్చింది మీకు?" అన్నాడు. అత్త చేతిలో గరిట విసిరికొట్టింది. అది పోయి ఏ మిషనుకు తగిలిందోనని మామ తినేది వదిలేసి లేచి చూసుకొచ్చాడు.

గుడ్డను ముందుకు జరిపే ఇనుప పళ్ళ కింద ఏళ్ళకేళ్ళ దూది, దారపు పీచు గడ్డకట్టి ఉంటుంది. చీపురుపుల్లతో దాన్ని కొంచెం కొంచెంగా లాగి అరచేతిలో పెట్టుకుని పొరలు విడదీసేవాడు. "చూడు మే, ఈ ఎర్రది పెండ్లి జాకెట్టుది. ఈ నీలంది బడిపిల్లోల్ల లంగాలది," అని నాకు చూపించేవాడు. బంగారు పువ్వుల మీద కిరసనాయిలు చుక్క పడనిచ్చేవాడు కాదు, పువ్వు లేచిపోతుందని. మిషను నూనెలో ముంచిన పత్తితో, పసిపిల్ల మొహం తుడిచినట్టు తుడిచేవాడు. కొత్త రంగు వేయించమని ఎవరైనా అడిగారో, ఆ ఇంటికి మంచినీళ్ళకు కూడా పోడు ఇంక.

మా వైపు జనం చేసే ఒక తప్పు ఉంది. దానితోనే మామకు చేతినిండా పని దొరికింది, నోటినిండా తిట్లూ దొరికాయి. ఒకసారి పత్తికొండ నుంచి టమోటాలు దింపి వస్తున్న ఆటోలో ఒకామె మిషను తెచ్చింది. మిషను మీద టమోటా రసం, ఆమె చీర మీద టమోటా రసం. చక్రం అంగుళం కూడా తిరగడం లేదు. మామ నూనె పోసే చిల్లు దగ్గర ముక్కు పెట్టి వాసన చూశాడు.

"ఏం నూనె పోసినావమ్మా దీనికి?"

"మంచి నూనేనప్పా! మా చేనులో శెనక్కాయలే, గానుగలో ఆడించింది. మేం తినేదే. ఇంట్లోకి తక్కువైనా సరేనని దానికి తక్కువ చేయలే."

"ఇదేమన్నా తిరగమోత పెడతాందామ్మా!" అని మామ వేసిన కేకకు ఆటో అబ్బాయి కూడా దిగొచ్చాడు. శెనగనూనె మిషను లోపల ఎండి పాకం మాదిరి పట్టేస్తుంది. మా ఊళ్ళలో ఏ పాత మిషను విప్పినా లోపల ఆ పాకమే. ఇష్టంగా చూసుకున్న కొద్దీ ఎక్కువ పోస్తారు, ఎక్కువ పోసిన కొద్దీ బిగుసుకుపోతుంది. ఆమె చిన్నబుచ్చుకుని, "తినేదే పోస్తే అదీ తప్పేనా," అంది. మామ తిడుతూనే నానబెట్టాడు, తిడుతూనే గీకాడు. తిరిగిచ్చేటప్పుడు మిషను నూనె సీసా ఒకటి ఆమె చేతిలో పెట్టి, "ఇది తాగొద్దు, అది పోయొద్దు," అన్నాడు.

ఇంక ఆయుధపూజ మర్నాడు ఆయన్ను పట్టుకోలేకపోయేవాళ్ళం. పూజ అని బండ్లు కడిగినట్టు మిషన్లు కడుగుతారు, విబూది పూస్తారు, నూనె చిల్లుల్లో కుంకుమ నింపుతారు. తను బాగుచేసిన మిషను ఏ ఇంట్లో ఉందో ఆ ఇంటికల్లా మర్నాడు పొద్దున్నే, ఎవరూ పిలవకుండానే పోయేవాడు. ఎమ్మిగనూరు అయ్యాక ఆదోని బస్సు ఎక్కేవాడు. "బొట్టు చెక్కకు పెట్టండే, ఇనుముకు ఎవరు పెట్టమన్నారు?" అని గుమ్మంలోనే మొదలు. పండగ పూట మిగిలిన భక్ష్యాలు పెడితే తినడు, ముందు గుడ్డ ముక్క ఇమ్మంటాడు. ఆ రోజు ఆయన వస్తాడని తెలిసి కొందరు మిషను మీద దుప్పటి కప్పి పైన మడిచిన బట్టలు పేర్చేవాళ్ళు. దుప్పటి లేపి చూసేవాడు.

నా పెళ్ళి సంబంధం సంగతి చెబితే నమ్మరు. అబ్బాయి ఇల్లూ వాకిలీ చూసి రమ్మని మా అమ్మ ఆయన్ను ఆదోనికి పంపింది. నాన్న లేడు, ఇంటికి పెద్దదిక్కు ఈయనే. పొద్దున పోయిన మనిషి సాయంత్రానికి వచ్చాడు, చేతులు నల్లగా.

"పిల్లోడు ఎట్లుండాడన్నా?" అంది అమ్మ ఆత్రంగా.

"మిషను బాగుంది. మంచి మిషను. పళ్ళ కింద దూది గడ్డకట్టింది అంతే, తీసేసి వచ్చినా."

"నేనడిగేది పిల్లోడి సంగతన్నా!"

ఆయన కాసేపు ఆలోచించాడు. "ఉన్నట్టున్నాడు," అన్నాడు. "నేను బల్ల పైకెత్తితే పట్టుకోని నిలబడినాడు ఒకాయన. ఆయనేనేమో."

ఆయనే. మిషను బల్ల పట్టుకుని అంతసేపు ఒక్క మాట అనకుండా నిలబడిన ఆ మనిషినే నేను చేసుకున్నాను. ఇన్నేళ్ళయినా మా అత్తగారింట్లో ఈ కథ చెప్పుకుని నవ్వుతూనే ఉంటారు. చెప్పకూడదు కానీ, మామ చూసిన ఆ కాస్త సరిపోయింది.

ఇక ఆయన ఎత్తుకుపోయిన మా అమ్మ మిషను. మా నాన్న పోయినప్పుడు నేను చిన్నదాన్ని. మామ ఆదోనిలో పాత ఇనుము అంగట్లో ఆ మిషను చూశాడు. తూకానికి అమ్మేస్తున్నారు. తెచ్చి, విప్పి, కడిగి, పువ్వులు తుడిచి, మా అమ్మ ముందు పెట్టి, "కుట్టు," అన్నాడట. అంతే, ఆ ఒక్క మాటే. అమ్మ దాని మీద కుట్టి నన్ను పెంచింది. నేను పని నేర్చుకున్నదీ దాని మీదే. అమ్మ పోయాక అది నా దగ్గరికి వచ్చింది. వేరే మిషను మీద కుడితే నా చేతికి జాకెట్టు మెడ గుండ్రంగా తిరగదు, ఏం చేయను. ఈ సంవత్సరం ఎడమ మోకాలు పట్టేసింది. తొక్కడం మానేయాలి, మానకపోతే నడవడం కూడా కష్టమవుతుందని డాక్టరు చెప్పాడు. కొత్తది కొనుక్కో అని అందరూ అన్నారు. నాకు ఆ మిషనే కావాలి. దాని మీద కుట్టలేని రోజు కుట్టుపనే మానేస్తానేమోనని నా భయం. అందుకే దానికే మోటరు బిగించుకుందామనుకున్నాను. బజార్లో మెకానిక్‌తో మాట్లాడుకున్నాను కూడా.

ఈ సంగతి మామకు చెప్పడమే నేను చేసిన తెలివితక్కువ పని. మర్నాడు మొదటి బస్సుకే దిగాడు. మిషనుకు అటు పక్క గొంతుకూర్చుని దాని ఒళ్ళంతా తడిమాడు. ఇటు పక్క స్టూలు మీద నేను.

"దీనికి మోటరు పెట్టే జాగా యాడుంది? దీన్ని చేసిన కాలంలో మోటరు ఊసే లేదు. మోటరు కూసోవాలంటే ఒంటికి బొక్క పెట్టల్ల. పెడతావా మీయమ్మ మిషనుకు బొక్క?"

"నా మోకాలు చూడు మామా. తొక్కితే ప్రాణం పోతాంది." మోకాలి మీద చరిచి చరిచి చెప్పాను.

"మోకాలుదేముంది, నూనె రాసుకో, తగ్గుతాది. ఇనుముకు బొక్క పడితే మళ్ళ పూడుతుందా?"

"అది ఇనుము మామా! ఇది నా కాలు!"

"అదే నేనూ చెప్తాండేది. నీది తగ్గుతాది."

ఇట్లాంటి మనిషితో ఏం మాట్లాడతారు చెప్పండి! అంతసేపూ ఆయన చూపు ఆ బంగారు పువ్వుల మీది నుంచి నా మోకాలి మీదికి ఒక్కసారీ దిగలేదని మీకు ప్రమాణం చేసి చెప్పగలిగేదాన్ని. అంతటితో అయిపోలేదు. మెకానిక్ రావలసిన నాటికి ముందే, నేను కూరగాయలకు పోయిన సందు చూసుకుని, స్టాండుతో సహా మిషనును ట్రాలీ ఆటోలో వేసుకుని వెళ్ళిపోయాడు. మా ఆయనకు సర్వీసింగు అని చెప్పాడట. మా ఆయన ఎప్పటిలాగే మాట్లాడకుండా ఒక చెయ్యి వేసి ఎక్కించాడట!

ఫోన్ చేస్తే, "నానబెట్టినా," అన్నాడు. మళ్ళీ చేస్తే, "నానుతాండాది."

"ఇన్ని నెలలు నానేదానికి అవేమన్నా అలసందలా మామా?" అని అరిచాను.

"తొందరపడితే మరలు విరుగుతాయి మే," అని పెట్టేశాడు. ఆయన గొంతు నేను వినడం అదే ఆఖరు. ఇంక ఆ మిషను నాకు రాదనే అనుకున్నాను. బొక్క పడకుండా కాపాడటానికి ఎత్తుకుపోయాడు, ఎందుకిస్తాడు?

దినాలప్పుడు వచ్చినవాళ్ళలో సగం మంది దండం పెట్టుకుని, ఆ వెంటనే అత్త చెవిలో, "మా మిషను అయిపోయిండాదేమో కాస్త చూస్తావా అక్కా?" అని అడిగారు. అత్తకు ఏడవాలో అరవాలో తెలియలేదు. ఇంటినిండా మిషన్లే. మంచం మీద, మంచం కింద, నీళ్ళ తొట్టి పక్కన. జనం కూర్చోవడానికి చోటు లేక వాకిట్లో చాపలు వేశాం. పోయి కూడా ఈయన మమ్మల్ని ఇంట్లో కూర్చోనివ్వడం లేదే అనుకున్నాను.

అందరూ వెళ్ళిపోయాక అత్త నన్ను వెనక వసారాలోకి పిలిచింది. మూలన మామ పాత పంచె ఒకటి కప్పి ఉంది. అత్త దాన్ని లాగేసింది. అమ్మ మిషను. పువ్వులు ఒక్కటీ చెరగలేదు. చక్రం మెరుస్తోంది. చక్రం పక్కన, ఒంటికి బిగించి, కొత్త మోటరు.

మోటరు మీద చెయ్యి పెట్టి చూశాను. అత్తే చెప్పింది.

"పండగ లోపల నీకు పంపల్లని కూసున్నాడు. వెల్డింగు అంగట్లో బొక్కలు పెట్టే డ్రిల్లు అడుక్కోని వచ్చినాడు. తెచ్చి పక్కన పెట్టుకోని ఊరికే చూస్తా కూసున్నాడు. సాయంత్రం వాపసిచ్చి వచ్చినాడు. మళ్ళ తెచ్చినాడు. మళ్ళ ఇచ్చినాడు. కడాకు నన్ను పిలిచి గట్టిగా పట్టుకోమన్నాడు. బొక్క పడేటప్పుడు మొగం అట్ల తిప్పుకున్నాడు పాపా. ఆ పూట అన్నం ముట్టలే."

వంగి చూశాను. మోటరు బిగించిన మర చుట్టూ ఇనుము కొత్తగా తెల్లగా మెరుస్తోంది. రెండు బంగారు ఆకుల మధ్య, ఏ ఆకుకూ తగలకుండా పెట్టాడు బొక్క. తుప్పు పట్టకుండా నూనె పూసి ఉంచాడు. నేను గట్టిగానే ఏడ్చాను.

"పెడల్ కూడా చూడు," అంది అత్త. "కింద ఇనుప పలకకు ఈ చివర ఎడమ పక్క బిగించినాడు. 'పాపకు నొప్పి కుడి మోకాలు. ఎడమ కాలితో నొక్కుకుంటాది, కుడిది ఊరికే పెట్టుకుంటాది' అని ఎంత ఆలోచన చేసినాడో. ఎవరూ కదిలించకుండా బోల్టులు బిగించినాడు."

కుడి మోకాలు!

"ఎడమదత్తా నాకు నొప్పి," అన్నాను. "ఎడమది!"

అత్త పెడల్ వైపోసారి, నా కాళ్ళ వైపోసారి చూసింది. నేను అక్కడే మిషను ముందు కూర్చున్నాను. మామా, ఒక్క మాట అడిగి ఉంటే నీ సొమ్మేం పోయేది? ఫోన్ చేతిలోనే ఉంది కదా! నానుతాండాది అని చెప్పే నోటితో ఏ కాలు మే అని అడగలేకపోయావా? అట్లా తిట్టుకుంటూ ఉండగానే నాకు అర్థమైంది. ఆ రోజు ఆయన మిషనుకు అటు పక్క, నాకు ఎదురుగా కూర్చున్నాడు. ఎదురుగా ఉన్నవాళ్ళకు నా ఎడమ మోకాలు వాళ్ళ కుడి చేతి వైపు కనబడుతుంది.

అంటే చూశాడు. అంతసేపూ పువ్వులు తడుముతూనే, నేను చరుచుకుంటున్న మోకాలిని చూశాడు.

మిషను ఇప్పుడు ఆదోనిలో నా అంగట్లో ఉంది. పెడల్ విప్పి కుడి పక్కకు మారుస్తానని మా ఆయన పాన పట్టుకుని రెడీగా కూర్చున్నాడు. వద్దన్నాను. జాకెట్లకు వచ్చినవాళ్ళు, "ఏమక్కా, అట్ల వంకరగా కూసోని కుడతాండావు?" అని అడుగుతారు. జవాబు చెప్పే ఓపిక నాకు లేదు. కుర్చీని ఏటవాలుగా లాక్కుని, ఎడమ కాలు పక్కన చిన్న పీట మీద పెట్టుకుని, కుడి కాలు పలక ఆ చివరిదాకా చాపి, బొటనవేలితో పెడల్ నొక్కుతాను. మడమ గాలిలోనే ఉంటుంది. మోటరు సన్నగా పలుకుతుంది, సూది కదులుతుంది, జాకెట్టు మెడ గుండ్రంగా తిరుగుతుంది.